గొలుసాయన గీసిన ఎలుక దారి

గొలుసాయన అంటే మెడలో గొలుసున్న ఆయన కాదు. ముప్పై రెండేళ్ళు సర్వే ఆఫీసులో పనిచేసి, ఇనుప గొలుసు లాగించి పొలాలు కొలిచిన ఆయన. రిటైరైన రోజున గొలుసు ఆఫీసుకి అప్పగించి వచ్చాడు గాని, పేరు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఆ లెక్కన ఆయన భార్య గొలుసమ్మ అయింది. "పేరులో ఉన్నది మెడలో లేదు" అని ఆవిడ అనని రోజు లేదు.

వాళ్ళ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. అయినా ఆ వీధిలో ఎవరింట్లోనైనా ఎలుక చప్పుడైతే ముందు నవ్వుకుంటారు, తర్వాతే బోను వెతుక్కుంటారు. ఆ నవ్వు గొలుసాయన వీధికి పెట్టిపోయిన ఆస్తి.

అదంతా ఒక సబ్బు బిళ్ళతో మొదలైంది.

బుధవారం పొద్దున్నే గొలుసమ్మ స్నానాల గదిలోంచి సబ్బుని అరచేతిలో పెట్టుకుని, జడ్జిగారికి సాక్ష్యం చూపించినట్టు పట్టుకొచ్చింది.

"ఏవండీ, ఈ సబ్బు మీరు కొరికారా?"

"నేనెందుకు కొరుకుతానే?"

"నేనూ కొరకలేదు. అయితే ఇంట్లో పళ్ళున్న మూడో మనిషి ఎవరో ఉన్నారు."

సబ్బు అంచున రెండేసి గాట్లు, జంటలు జంటలుగా, ఉలితో చెక్కినట్టున్నాయి. ఆవిడ ఆయన్ని పొయ్యి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ బియ్యపు గింజంత నల్లని పెంటికలు నాలుగైదు పడి ఉన్నాయి.

"చూడండి, నిగనిగలాడుతున్నాయి. అంటే తాజావి. పాతవైతే బూడిదరంగుకి తిరిగి, పుల్లతో తాకగానే పొడైపోతాయి."

"ఇవన్నీ నీకెవరు నేర్పారు?"

"మా అమ్మ. మీ అమ్మగారు మీకేం నేర్పారో ఇంతవరకూ నాకు కనపడలేదు."

అక్కడితో ఆగలేదు. గోడ అడుగున, నేలకి బెత్తెడు ఎత్తులో, నల్లటి జిడ్డు గీత ఒకటి పోతోంది. "ఒకే దారిన రోజూ పోతే ఒళ్ళు రాసుకుని రాసుకుని ఇలా మరక పడుతుంది. మీరు పడక్కుర్చీలో తల ఆనించే చోట గోడకి పడ్డట్టే" అంది.

గొలుసాయన చెయ్యి తనకి తెలియకుండానే తలమీదికి పోయింది.

ఆ గీత వంటింట్లోంచి బయలుదేరి, హాలు గోడ వెంట నడిచి, వీధివైపు చిన్న గదిలోకి దూరింది. అది గొలుసాయన కాగితాల గది. ఇక తీర్పు చెప్పడానికి గొలుసమ్మకి ఒక్క క్షణం పట్టింది.

"ఎలుకలు మీ గదిలో కాపురం పెట్టాయి. ఆదివారం కాటా ఆయన్ని రమ్మంటున్నాను. గదిలో కాగితాలన్నీ పోవాలి."

కాటా ఆయన అంటే సైకిలుకి తక్కెడ తగిలించుకుని పాత కాగితాలు తూచి పట్టుకుపోయే మనిషి. ఆయన గంట వినిపిస్తే గొలుసాయన గది తలుపు దగ్గరికి లాక్కునేవాడు.

ఆ గదిలో నడుమెత్తు పేపర్ల కట్టలుండేవి. వాటికోసం ఆయన ఏడ్చేవాడు కాదు. ఆ కట్టల వెనక, గోడ బీరువాలో, ఆయన కొలతల పుస్తకాలు ఉన్నాయి. ఏడాదికి రెండు చొప్పున అరవై నాలుగు. గట్టి అట్టలు, గుడ్డ వెన్ను, వానకి తడిసి ఉబ్బిన పేజీలు. ఆఫీసు ప్రతి ఆఫీసుకి వెళ్ళింది, ఇవి ఆయన సొంత ప్రతులు. ఒక్కో పేజీలో ఒక్కో ఊరి గట్టుంది, ఒక్కో ఎండాకాలం ఉంది. నల్ల జుట్టుతో గొలుసు వెనక పరుగెత్తిన మనిషి ఆ పుస్తకాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. తీసి చూసి చాలా ఏళ్ళయింది. అయితేనేం? వెన్నెముకని రోజూ తీసి చూసుకుంటామా?

అది పెళ్ళానికి ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు. తెలియనప్పుడు మగవాళ్ళు చేసే పనే చేశాడు. వాదన పెట్టుకున్నాడు.

"గీతకి రెండు కొసలుంటాయి. ఒకటి నా గదిలో ఉంటే రెండోది నీ వంటింట్లో ఉంది. నీ దగ్గర పుట్టి నా దగ్గరికి షికారు వస్తున్నాయేమో!"

"నా వంటింట్లోనా?"

"సర్వే చేసి తేలుస్తాను. నీ వంటింటి గట్టు కింద బొరియ ఉందని తేలితే నా కాగితం ఒక్కటి కూడా కదలకూడదు."

"తేలితే గట్టు పగలగొట్టిస్తారా?"

"పునాది దాకా పగలగొట్టిస్తాను."

"మాట మీద నిలబడతారా?"

"సర్వేయరు మాట రాతి మీద గీత."

గొలుసమ్మ ఎందుకో చిన్నగా నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. ఆ నవ్వుని కొలవడానికి ఆయన దగ్గర ఏ పరికరమూ లేదు.

మొదటి పరీక్ష గోధుమపిండితో జరిగింది. పడుకోబోయే ముందు వంటింటి నుంచి హాలు దాకా పిండి పల్చగా చల్లాడు. ఎలుక నడిస్తే అడుగులు పడతాయి, అడుగుల్ని బట్టి ఇల్లు తెలుస్తుంది. గురువారం తెల్లారి చూస్తే అడుగులూ లేవు, పిండీ లేదు. మిగిలిన నాలుగు రవ్వల్ని చీమలు బారులు తీరి మోసుకుపోతున్నాయి.

"రాత్రి భోజనాలకి ఎవర్నెవర్ని పిలిచారు?" అంది గొలుసమ్మ.

ఈసారి తినడానికి పనికిరానిది వెయ్యాలనుకున్నాడు. ఇంట్లో అలాంటిది ఆవిడ మొహానికి రాసుకునే పౌడరు ఒక్కటే కనిపించింది. డబ్బా అంతా ఒంపేశాడు.

శుక్రవారం ఆవిడకంటే ముందే లేచి చూశాడు. అడుగులు పడ్డాయి. ఎంత చక్కగా పడ్డాయంటే, ఆఫీసులో ఏ కుర్రాడూ అంత శుభ్రంగా పని చేసి ఎరగడు. ముందుకాళ్ళు చిన్నవి, వెనకకాళ్ళు పొడుగువి, మధ్యలో తోక ఈడ్చిన సన్నని గీత. అడుగులు కాగితాల గది తలుపు కిందనుంచి బయలుదేరి, గోడ వారనే నడిచి, వంటింట్లో బియ్యం డబ్బా మూత పరీక్షించి, మళ్ళీ గోడ వారనే తిరిగొచ్చి, అదే తలుపు కింద దూరాయి.

గొలుసాయన అటూ ఇటూ చూశాడు. భుజం మీద తువ్వాలు తీసి, ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. సాక్ష్యం తుడిచేశాడు.

"ఏమైంది మీ పరీక్ష?" అంది ఆవిడ లేచొచ్చి.

"రాత్రి ఎలుకలు రాలేదు."

"మరి పౌడరేది?"

"నువ్వు జారిపడతావని తుడిచేశాను."

"నేను జారిపడతానని మీరు భయపడటం పెళ్ళయ్యాక ఇదే మొదలు" అని ఆవిడ ఆయన పక్కనుంచి వెళుతూ ఆగి, వాసన చూసింది. "అందుకేనా ఇవాళ పెళ్ళికొడుకులా గుమగుమలాడుతున్నారు?"

ఆ మధ్యాహ్నం ఆవిడ పక్క వీధికి వెళ్ళగానే గొలుసాయన పాత పనిముట్ల పెట్టె తీశాడు. అందులో పటాలు గీసే రోజుల నాటి రబ్బరు ముక్క ఉంది. బ్లేడుతో, భూతద్దం పెట్టుకుని, గంటన్నర కూర్చుని దాన్ని ఎలుక పాదంగా చెక్కాడు. అయిదు వేళ్ళు, వేళ్ళ చివర గోళ్ళు. చెక్కాక ఎత్తిపట్టుకుని చూసుకుంటే తనకే ముచ్చటేసింది. ఎలుక చూస్తే తన కాలు పోయిందని వెతుక్కునేది.

శనివారం తెలతెలవారుతుండగా పని ముగించాడు. గోడలకి వెల్లవెయ్యగా మిగిలిన సున్నం పొడి చల్లి, వంటింటి గట్టు కిందనుంచి వెనక తలుపు దాకా ముద్రలు కొట్టాడు. వంగి వంగి నడుం పట్టేసింది గాని, చేతికి పాత రోజులు గుర్తొచ్చాయి. తర్వాత మంచి కాగితం మీద పటం గీశాడు. ఉత్తర దిక్కు బాణం, స్కేలు, కింద సంతకం, తేదీ. గట్టు కింద గుండ్రంగా చుట్టి 'బొరియ' అని రాశాడు.

గొలుసమ్మ పటం చూసింది. నేల చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడింది.

"నిజమే సుమండీ. పాపం, నేనే మిమ్మల్ని అన్యాయంగా అన్నాను" అని వెంటనే తమ్ముడికి కబురు పెట్టింది.

ఆవిడ తమ్ముడు తాపీమేస్త్రి. పేరుకి బామ్మర్ది గాని, మాటకి బావకి బాకీ ఉంచే మనిషి కాదు. గడ్డపార, సుత్తి భుజాన వేసుకుని అరగంటలో దిగాడు.

"బావా, ఈ సంతకం నీదేనా?"

"నాదే."

"పగలగొట్టాక మళ్ళీ నన్ననకూడదు."

"పగలగొట్టవోయ్!"

మొదటి దెబ్బకి గట్టు మీది గచ్చు లేచింది. రెండో దెబ్బకి గోడల నుంచి ఏళ్ళనాటి సున్నం రాలింది. పొయ్యి హాల్లోకి వచ్చింది. గిన్నెలు గొలుసాయన మంచం ఎక్కాయి. బియ్యం డబ్బా ఆయన పడక్కుర్చీలో దర్జాగా కూర్చుంది. ఇంట్లో ముగ్గురూ తెల్లగా, ఎవరు మేస్త్రో ఎవరు సర్వేయరో తెలియకుండా అయిపోయారు. గట్టు కింద ఒక చెంచా, రెండు సీసా మూతలు, పళ్ళూడిన దువ్వెన దొరికాయి. బొరియ దొరకలేదు.

"ఇంకాస్త తవ్వు" అన్నాడు గొలుసాయన.

"ఇంకాస్త తవ్వితే పక్కింటివాళ్ళ వంటింట్లో తేలతాం బావా."

సరిగ్గా అప్పుడు, ఆ దెబ్బల అదురుకి కాబోలు, కాగితాల గది తలుపు కిందనుంచి ఒక చిట్టెలుక బయటికొచ్చింది. హాలంతా దాటి, గొలుసాయన కాలిమీదనుంచి నడిచి, వీధి గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. ముగ్గురూ చూశారు.

గొలుసమ్మ వంటింటి చివర ముద్రలు మిగిలిన చోట గొంతుక్కూర్చుంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇలా రా. ఈ ఎలుకకి ఎన్ని కాళ్ళురా?"

మేస్త్రి వంగి చూశాడు. "అన్నీ కుడికాళ్ళే అక్కా. కుంటిదేమో."

"కుంటిదైనా సరే. గోడ వార వదిలేసి గది నడిమధ్య నుంచి తాడు పట్టినట్టు నడిచింది. పోనీ ధైర్యమున్న ఎలుక అనుకుందాం. మలుపు తిరిగిన చోట ఇదేమిటి?"

గొలుసాయన తొంగిచూశాడు. ముద్రలు మలుపు తిరిగిన చోట, సున్నం పొడిలో, చూపుడువేలితో గీసిన చిన్న త్రిభుజం. దాని మధ్యలో చుక్క. పక్కన ఒకటి అంకె. తర్వాతి మలుపులో ఇంకో త్రిభుజం, రెండు అంకె. ముప్పై రెండేళ్ళు ప్రతి మలుపులోనూ పెట్టిన గుర్తు. మనసుకి చెప్పకుండా చెయ్యి తన పని తను చేసుకుపోయింది.

"అది... తోక తగిలి..." అన్నాడు.

"తోకతో అంకెలు కూడా వేసిందా? మలుపు మలుపునా స్టేషను గుర్తు పెట్టుకుంటూ నడిచే ఎలుకని నేనింతవరకూ చూళ్ళేదు!"

మేస్త్రి గడ్డపార పక్కన పెట్టి, గోడకి ఆనుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వాడు. గొలుసాయన మాత్రం నవ్వులో కలవలేకపోయాడు. సర్వే భాషలో దాన్ని స్టేషను గుర్తంటారని ఈవిడకెలా తెలుసు?

అడిగేలోపే ఆవిడ లేచింది. "గట్టు సంగతి అయింది. ఇక మీ గది పదండి."

పేపర్ల కట్టలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మూడో వరుస వెనక కాగితం పీలికలు, గుడ్డ పోగులు కలిపి అల్లిన గూడు కనిపించింది. దానికి పైన, కిటికీ మూల, బొటనవేలు దూరేంత కంత. రేడియో తీగ కోసం గొలుసాయనే ఒకప్పుడు తొలిచిన కంత అది. రేడియో మూగబోయింది, తీగ తెగిపోయింది, కంత మాత్రం అతిథుల కోసం తెరిచే ఉంది.

గొలుసాయన కంతని చూడలేదు. గోడ బీరువా వైపు చూస్తున్నాడు. బీరువా ఖాళీగా ఉంది. అడుగున గుప్పెడు కాగితపు పొట్టు. అంతే.

"తినేశాయి" అన్నాడు. "అరవై నాలుగూ తినేశాయి."

"అట్టలు కూడానా బావా?"

"అట్టలు కూడా."

"ఎంత ఆకలి!" అనబోయి, బావ మొహం చూసి, మేస్త్రి నోరు మూసుకున్నాడు.

గొలుసాయన పేపర్ల కట్టమీద కూలబడ్డాడు. ఒంటి మీది సున్నంతో, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా ఉన్నాడు. "ఏరు దాటి కొలిచిన ఏడాది ఉంది అందులో" అన్నాడు ఎవరితోనో. "గొలుసు పట్టేవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి. వాళ్ళలో ఇప్పుడొక్కడూ లేడు."

గొలుసమ్మ మొహంలో నవ్వు పోయింది. వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"లేవండి."

తన మంచం కిందనుంచి రేకుపెట్టె లాగి మూత తీసింది. కలరా ఉండల వాసన గుప్పుమంది. లోపల అరవై నాలుగు పుస్తకాలూ వరుస తప్పకుండా పేర్చి ఉన్నాయి. మూడో పుస్తకం అట్ట మూల మాత్రం ఎవరో కొరికారు.

"ఆ గాటు చూసిన రోజే తెచ్చి ఇందులో పెట్టాను. రెండేళ్ళయింది."

"మరి కాటాకి వేస్తానన్నావు!"

"గదిలో ఉన్న కాగితాలన్నాను. ఇవి గదిలో ఎక్కడున్నాయి? ఇన్నాళ్ళలో ఒక్కసారైనా బీరువా తలుపు తీశారా మీరు?"

గొలుసాయన ఒక పుస్తకం తీసి రొమ్ముకి ఆనించుకున్నాడు. తర్వాత తెరిచి చూసి, "ఇందులో ఈ గుర్తేమిటి?" అన్నాడు. పుస్తకం మధ్యలో అగ్గిపుల్ల పెట్టి ఉంది.

"నేను చదువుతున్న చోటు" అంది గొలుసమ్మ.

రెండేళ్ళ క్రితం ఆవిడ పక్క వీధి టైలరమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకోవడం మొదలుపెట్టినప్పుడు, "బస్సు బోర్డు చదువుకుంటే చాల్లే" అని నవ్విందీ ఆయనే. చదువు బస్సు దగ్గరే దిగిపోయిందనుకున్నాడు.

"అచ్చక్షరాలు వచ్చాయి. చేతిరాత రావాలంటే ఎవరిదో ఒకరి రాత చదవమంది టైలరమ్మ. ఇంట్లో ఉన్నది మీ రాతే. కొలతలు నాకర్థం కావు. అంచుల్లో మీరు రాసుకున్నవే చదువుతాను. స్టేషను గుర్తని తెలిసిందీ అక్కడే."

కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. "'వాన. గొలుసు మనిషి రాలేదు. నేనే లాగాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇంటికి వెళితే ఆమె చూస్తుంది. జేబుల్లో పెట్టుకోవాలి.'"

మేస్త్రి ముక్కు ఎగబీల్చాడు. గొలుసాయనకి ఆ వాన గుర్తొచ్చింది, అన్నం తినకుండా జేబుల్లో చేతులు పెట్టుకుని కూర్చున్న ఆ సాయంత్రం గుర్తొచ్చింది. ఆ చేతుల్ని బయటికి లాగి వెన్న రాసిన చేతులూ గుర్తొచ్చాయి. జన్మలో ఇంత సుఖంగా ఎప్పుడూ ఓడిపోలేదు అనుకున్నాడు.

అక్కడ పుస్తకం మూసేసి ఉంటే బాగుండేది. ఆవిడ పేజీ తిప్పింది.

"'పాలు ఒలకబోసింది నేనే. పిల్లి అని చెప్పాను. నమ్మింది.'" కళ్ళజోడు మీదనుంచి చూసింది. "ఆ పిల్లిని నేను చీపురుతో వీధి చివరిదాకా తరిమాను."

"అది... పాత సంగతి కదే."

"'బస్సు తప్పలేదు. ఆఫీసువాళ్ళతో సినిమాకి వెళ్ళాను. బస్సు తప్పిందని చెప్పాను. ఆమె అన్నం తినకుండా కూర్చుంది.'"

"ఇక చాల్లే, గొంతు నొప్పి పుడుతుంది నీకు."

"'ఆమె తమ్ముడు కట్టిన పెరటి గోడ కొలిచాను. నాలుగు అంగుళాల వంకర. చెబితే గొడవ. చెప్పను.'"

ఏడుస్తున్న మేస్త్రి ఆగిపోయాడు. "ఏ గోడ బావా?"

"ఇంకొకటి" అంది గొలుసమ్మ. "నాకు బాగా నచ్చింది. ఇది కంఠతా వచ్చు. 'వంటింటి గట్టు పొట్టిగా ఉందని, నడుం పోతోందని ఆమె అంటోంది. ఆమె లేనప్పుడు కొలిచాను. నిజమే, జానెడు తక్కువ. చెబితే కట్టించాలి.'" పుస్తకం మూసింది. "ఎనిమిదేళ్ళు అడిగాను. ఎనిమిదేళ్ళూ 'గట్టు గట్టిగానే ఉందిగా' అన్నారు. నిన్నటిదాకా దాన్ని ఎలా పగలగొట్టించాలా అని నేను చూస్తుంటే, మీరే సంతకం పెట్టి ఇచ్చారు."

ఆ సాయంత్రానికి మేస్త్రి రేడియో తీగ కంతలో ఇనుప పీచు కూరి, పైన సిమెంటు మెత్తాడు. తూము నోటికి జల్లెడ బిగించాడు. గది తలుపు కింద రేకు పట్టీ కొట్టాడు. కొత్త గట్టు జానెడు ఎత్తున లేచింది. పని చేస్తున్నంతసేపూ బావతో ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం తాడు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి గోడ కొలుచుకున్నాడు. తిరిగొచ్చి, "మూడున్నర" అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున్నే కాటా ఆయన గంట మోగింది. గొలుసమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి, గొలుసాయన రేకుపెట్టె ఒక చెవి పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చుకొచ్చేశాడు. ఒళ్ళంతా చెమటలు.

"ఏం చేస్తున్నారు?"

"నువ్వన్నదే నిజం. పాత కాగితాలుంటే ఎలుకలు చేరతాయి. తూచి ఇచ్చేద్దాం."

"అయ్యా, మంచి బరువుంది" అన్నాడు కాటా ఆయన ఆశగా, రెండో చెవి పట్టుకుంటూ.

గొలుసమ్మ తొందరపడలేదు. వచ్చి పెట్టె మీద కూర్చుంది. కొంగుతో కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది.

"పేపర్ల కట్టలు ఆ మూల ఉన్నాయి, అవి తీసుకెళ్ళు నాయనా. ఇందులో నేను చదవాల్సినవి ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి."

కాటా ఆయన పేపర్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. గొలుసాయన గుమ్మంలో నిలబడి, ఆ ఇరవై ఒక్క పుస్తకాల్లో ఏమేం రాశాడో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఒకటి గుర్తొచ్చింది. దాంతో ఇంకొకటి గుర్తొచ్చింది. మూడోది గుర్తు రాకముందే వంటింట్లోకి నడిచాడు.

అప్పటికి వంటలో పడ్డ గొలుసమ్మ పక్కన, కొత్త గట్టు ముందు నిలబడి, కూర చాలా బాగుందని మూడుసార్లు అన్నాడు. కూర అప్పటికింకా పొయ్యి మీదనుంచి దిగలేదు.